సిమ్యులేటర్ కొనేముందు ఒక్కసారి ఇది చదువు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

భీమవరంలో నీ స్పోర్ట్స్ షాపు వెనకభాగంలో క్రికెట్ సిమ్యులేటర్, అదే, తిరిగే చక్రాల మధ్యనుంచి బంతి విసిరే మెషిన్, పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కాలవగట్టున కొబ్బరిమట్టతో ఆడిన కుర్రాడు ఇంతదాకా వచ్చాడని కడుపు నిండింది. పెట్టుబడి పెట్టే ఇద్దరు రొయ్యల రైతులకీ లాభం లెక్కలో మాట కుదరలేదని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

మెషిన్‌కి కరెంటు మీటరు వేరే పెట్టించు. దాని కోసం చేసిన గుంటల బంతులే వాడు. తడి బంతి చక్రాల మధ్య జారి లైను తప్పుతుంది, వానాకాలం పక్కన పొడిగుడ్డ ఉండాలి.

ఇక అసలు సంగతి. ఒకాయన టికెట్టు డబ్బే ఆదాయం అంటున్నాడు, రెండో ఆయన బ్యాట్ల అమ్మకమూ కలపమంటున్నాడు. అమెరికాలో డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ 2021లో హౌస్ ఆఫ్ స్పోర్ట్ అనే పెద్ద షాపు తెరిచి, అమ్మే చోటులోనే వల కట్టిన బ్యాటింగ్ కేజ్, గోల్ఫ్ కొట్టి చూసే బేలు పెట్టింది. అంత పెద్ద షాపు తట్టుకుంటుంది. నీ చోటు సంగతి చూడు. పిచ్చే 66 అడుగులు, ముందూ వెనకా కలిపితే 75, వెడల్పు 12. అంటే 900 చదరపు అడుగులు. అడుగు అద్దె 25 అనుకో, నెలకి 22,500. గంటకి 300 చొప్పున రోజుకి మూడు గంటలు, 26 రోజులు నిండితే వచ్చేది 23,400. అద్దెకే సరి! మెషిన్ ఆరు లక్షలైతే, అయిదేళ్ళకి పంచితే నెలకి పదివేలు అరుగుదల. కుర్రాడి జీతం, కరెంటు ఇంకా వెయ్యలేదు.

అందుకే బ్యాట్ల వైపు చూస్తారు. షాపులవాళ్ళు చేసే పాత తప్పు ఇక్కడే ఉంది, ఒరేయ్, జాగ్రత్తగా విను. మెషిన్ పెట్టాక అమ్మిన ప్రతి బ్యాటూ మెషిన్ ఖాతాలో రాసేస్తారు, అదీ పూర్తి ధరకి. 8,000 బ్యాటు నీకు 6,000 పడితే మిగిలేది 2,000, రాయాల్సింది అంతే. పైగా ఎలాగూ కొనేవాడు మెషిన్ ఆడాడని దాని గొప్ప కాదు. బిల్లు కొట్టేటప్పుడు ‘ఆడి చూశాక మనసు మార్చుకుని కొన్నావా?’ అని అడిగి టిక్కు పెట్టు. పోల్చేటప్పుడు మే నెల అమ్మకాన్ని నిరుటి మే నెలతోనే పోల్చు. ఏప్రిల్‌తో పోలిస్తే వేసవి సెలవుల గిరాకీ అంతా మెషిన్ లాభంలా కనబడుతుంది. ఆ అంకె నమ్మి రెండో మెషిన్‌కి అప్పు చేస్తారు.

లాభం అంటే ఏమిటో ముందే కాగితం మీద రాయించు. రొయ్యల చెరువుకి తెల్లమచ్చ రోగం తగిలిన ఏడాది వాళ్ళు డబ్బు వెనక్కి అడుగుతారు, అది వాళ్ళ తప్పు కాదు. ఆరు వాయిదాల్లో ఇస్తానని ఇప్పుడే ఒప్పించు, నాయనా. అమ్మ బంగారం మాత్రం ముట్టుకోకు.

హెల్మెట్లు మూడు సైజులూ కొను. కరెంటు పోయి చక్రాలు నెమ్మదిస్తే బంతి వెయ్యొద్దని కుర్రాడికి చెప్పు, అది ఎక్కడ పడుతుందో తెలియదు. ఒప్పందం చిత్తుప్రతి సంతకాలకి ముందే నాకు పంపు.

మీ మావయ్య