టెన్త్ టాపర్ల మీద చేసిన పరిశోధన అంతర్జాతీయ జర్నల్‌కు పంపేముందు ఏం సరిచూసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో 16 ప్రభుత్వ హైస్కూళ్లు, కొన్ని బ్యాచ్‌లు కలిపి టెన్త్‌లో 550 దాటిన 400 మంది పిల్లలు, వాళ్ల చదువు అలవాట్లకూ మార్కులకూ ఉన్న సంబంధం. పీహెచ్‌డీలో అదొక అధ్యాయం. ఏ జర్నల్‌కు పంపాలి, ఇంగ్లిష్ ఎవరితో దిద్దించుకోవాలి అన్నది ప్రశ్న.

ఇంగ్లిష్ సంగతి చివర్లో చూసుకోవచ్చు. బాగా చదివే పిల్లల మీద రాసిన పేపర్లు ఎక్కువగా దెబ్బతినేది కొలత దగ్గర. 600కు 550 దాటినవాళ్లనే తీసుకున్నారంటే మీ చేతిలో ఉన్నది 50 మార్కుల ఇరుకు. అందులో 571కీ 583కీ మధ్య తేడా, పేపర్ దిద్దినవాళ్ల చెయ్యి ధారాళం వల్ల వచ్చిందో పిల్లల వల్ల వచ్చిందో చెప్పలేం. గ్రేడింగ్ అయిపోయిన తోతాపురి కాయల్లో మళ్లీ సైజు తేడాలు వెతికినట్టుంటుంది. ఇలా పైకొస మాత్రం తీసుకుంటే కోరిలేషన్ (రెండు అంశాల మధ్య సంబంధం ఎంత గట్టిదో చెప్పే సంఖ్య) దానంతటదే పడిపోతుంది. 'అలవాట్లకూ మార్కులకూ సంబంధం లేదు' అని రాస్తే రివ్యూయర్ (జర్నల్ తరఫున పేపర్ పరిశీలించే నిపుణుడు) మొదట పట్టుకునేది అక్కడే.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, అదే స్కూళ్లలో 550 లోపు పిల్లలకు కూడా అదే ప్రశ్నావళి ఇచ్చి మొత్తం వ్యాప్తి చూపించడం. రెండోది, పిల్లల స్థాయికి మించిన పరీక్ష పెట్టడం. 1971లో జాన్స్ హాప్కిన్స్‌లో జూలియన్ స్టాన్లీ మొదలుపెట్టిన అధ్యయనంలో చేసింది ఇదే: కాలేజీలో చేరేవాళ్లు రాసే శాట్ పరీక్షను పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు పెట్టారు. తరగతి పరీక్షలో అందరూ పైకప్పుకు తగిలినచోట కూడా అక్కడ తేడాలు స్పష్టంగా బయటపడ్డాయి. బొమ్మలతో తర్కశక్తిని కొలిచే రావెన్స్ మ్యాట్రిసెస్ పరీక్ష వాడదలిస్తే 60 ప్రశ్నల స్టాండర్డ్ కాకుండా అడ్వాన్స్‌డ్ తీసుకోండి, దాని రెండో సెట్‌లో 36 ప్రశ్నలుంటాయి. ఏ పరీక్షయినా ముందు స్కోర్ల హిస్టోగ్రామ్ (ఏ స్కోరు ఎంతమందికి వచ్చిందో చూపే పటం) గీయండి. 15 శాతం కన్నా ఎక్కువమంది గరిష్ఠ మార్కు దగ్గరే పోగుపడితే ఆ పరీక్ష వీళ్లకు చాల్లేదని అర్థం.

మీ డేటాలో 2020, 2021 బ్యాచ్‌లు ఉంటే తీసేయండి. కోవిడ్ వల్ల ఆ రెండేళ్లూ మన రాష్ట్రంలో టెన్త్ పబ్లిక్ పరీక్షలే జరగలేదు. మరో చిక్కు జిల్లాలది. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అప్పుడు గూడూరు, సూళ్లూరుపేట వైపు నెల్లూరు నుంచి వచ్చి తిరుపతిలో కలిశాయి, చిత్తూరులోని మదనపల్లె, పీలేరు వైపు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. కాబట్టి పాత డేటాలోని 'చిత్తూరు జిల్లా', 2022 తర్వాతి 'చిత్తూరు జిల్లా' ఒకటి కావు. జిల్లా పేరుతో పోల్చకుండా మండలం, స్కూలు స్థాయిలో పోల్చండి.

ఇక లెక్క. ఒకే స్కూల్లో చదివే పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు, ఒకే టీచర్లు, ఒకే స్టడీ అవర్లు. స్కూలుకు 25 మంది చొప్పున 16 స్కూళ్లు, ఇంట్రాక్లాస్ కోరిలేషన్ (ఒకే స్కూలు పిల్లల పోలిక ఎంతో చెప్పే సంఖ్య) 0.2 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (ఆ పోలిక వల్ల శాంపిల్ ఎన్నో వంతుకు తగ్గినట్టో చెప్పేది) 1 + 24 × 0.2, అంటే 5.8. మీ 400 మంది గణాంకాల దృష్టిలో 69 మందికి సమానం. రెండు గుంపుల సగటులను పోల్చే మామూలు టీ-టెస్ట్ ఈ సంగతి పట్టించుకోదు, అందుకే లేని తేడాలు ఉన్నట్టు చూపిస్తుంది. పిల్లలనూ స్కూళ్లనూ వేర్వేరు అంచెలుగా లెక్కలోకి తీసుకునే మల్టీలెవెల్ మోడల్ వాడండి. 16 గుంపులు అంటే దానికీ తక్కువే, ఆ మాట పరిమితుల్లో రాయండి.

మన థీసిస్‌లలో ఒక అలవాటుంది: జెండర్, లోకాలిటీ, మీడియం, మేనేజ్‌మెంట్ అంటూ ఒక్కోదానికీ ఒక శూన్య పరికల్పన ('తేడా లేదు' అనే ఊహ), ఒక టీ-టెస్ట్, ఒక టేబుల్. నిజంగా ఏ తేడా లేకపోయినా, 0.05 దగ్గర విడివిడిగా 20 టెస్టులు చేస్తే ఒక్కటైనా తప్పుడు 'సిగ్నిఫికెంట్' వచ్చే అవకాశం 64 శాతం. జర్నల్‌కు రెండు మూడు ప్రశ్నలే ఉంచండి. ప్రతి ఫలితానికీ ఎఫెక్ట్ సైజు (తేడా ఎంత పెద్దదో చెప్పే అంకె), 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల హద్దులు) ఇవ్వండి. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ పి విలువను (నిజంగా తేడా లేకున్నా ఇంత తేడా కనబడే అవకాశాన్ని) .000 అని చూపిస్తే అలాగే దించకండి, .001 కన్నా తక్కువ అని రాయాలి.

టాపర్లకు శిక్షణ ఇచ్చి ముందూ తర్వాతా కొలిచిన భాగం కూడా ఉందన్నారు. ఎక్కువ మార్కులు చూసి ఎంచుకున్నవాళ్లు రెండోసారి కొంత కిందికి జారడం సహజం. సగటు 50, పరీక్ష రిలయబిలిటీ (మళ్లీ పెట్టినా అదే ఫలితం ఇచ్చే నిలకడ) 0.80 అయితే 90 వచ్చిన గుంపు, శిక్షణ ప్రభావం ఏమీ లేకపోతే, రెండోసారి దాదాపు 82 దగ్గర నిలుస్తుంది. పోల్చడానికి మరో గుంపు లేకపోతే ఆ భాగం వదిలేయడమే మేలు.

జర్నల్ విషయానికొస్తే, మీ అంశానికి సూటిగా సరిపోయేది జర్నల్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ అకడమిక్స్. గిఫ్టెడ్ చైల్డ్ క్వార్టర్లీ 1957 నుంచి వస్తోంది, అక్కడ గట్టి డిజైన్ లేకుంటే కష్టం. గిఫ్టెడ్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్, హై ఎబిలిటీ స్టడీస్ కూడా చూడండి. ఒకసారికి ఒకచోటే పంపాలి. రెండుచోట్లా పంపి ఎవరు ముందు ఒప్పుకుంటే వాళ్లకిద్దాం అనుకుంటే రెండూ పోతాయి. యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా యూజీసీ-కేర్ 2025 ఫిబ్రవరిలో రద్దయింది, కాబట్టి మీ వర్సిటీ ఇప్పుడు ఏ ప్రమాణం చూస్తుందో రీసెర్చ్ సెక్షన్‌లో రాతపూర్వకంగా తెలుసుకోండి. మూడు రోజుల్లో అచ్చువేస్తామని వాట్సాప్‌లో వచ్చే జర్నళ్ల జోలికి వెళ్లకండి. పత్రికలకు గుర్తింపుగా ఇచ్చే ఐఎస్ఎస్ఎన్ నంబరు ఉన్నంత మాత్రాన నాణ్యత ఉన్నట్టు కాదు.

ఫైలు తయారీలో నియమాలు చాలావరకు ఆ జర్నల్ సూచనల్లోనే ఉంటాయి, ఏపీఏ రచనా శైలి ఏడో ఎడిషన్, 250 పదాల లోపు సారాంశం లాంటివి. రాసిందెవరో రివ్యూయర్‌కు తెలియకూడదు, కానీ చాలామంది మరిచేది రచయిత గుర్తులు తీసేయడం. టైటిల్ పేజీ విడిగా పెడతారు సరే, మెథడ్ భాగంలో వర్సిటీ పేరు, ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు అలాగే ఉండిపోతాయి. వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నొక్కి, ఇన్‌స్పెక్ట్ అయ్యాక రిమూవ్ ఆల్ కొడితే ఫైల్ ప్రాపర్టీస్‌లోని మీ పేరు, మార్జిన్ కామెంట్లలోని గైడ్ గారి పేరు రెండూ పోతాయి. థీసిస్ శోధ్‌గంగలో (దేశంలోని థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్) ఎక్కి ఉంటే, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ సారూప్యత శాతం ఎక్కువ చూపిస్తుంది. ఇది ఫలానా థీసిస్‌లోని భాగమని కవరింగ్ లెటర్‌లో ముందే చెప్పండి.

విదేశీ పాఠకుడికి మన టెన్త్ తెలియదు. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి 100, పాస్‌కు 35, హిందీకి మాత్రం 20 అని ఒక పేరా రాయండి. ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి ఉంటే, మూలం చూడని మరొకరితో తిరిగి ఇంగ్లిష్‌లోకి రాయించి రెండూ పోల్చాలి. కార్వేటినగరం డైట్ (ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) లాంటి చోట భాషలు చెప్పే లెక్చరర్లను అడిగి చూడండి.

అనుమతుల్లో డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) లేఖ ఒక్కటే చాలదు. పిల్లలు 18 లోపువాళ్లు, తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల ఒప్పుదల రెండూ కావాలి. ఎథిక్స్ అనుమతి డేటా సేకరణకు ముందు తీసుకోలేదా? పాత తేదీతో కాగితం పుట్టించకండి. ఏ అనుమతులు ఉన్నాయో ఉన్నది ఉన్నట్టు రాసి, పంపేముందే ఎడిటర్‌కు ఈమెయిల్ పెట్టి అడగండి.

రివిజన్ అడిగితే అది మంచి వార్తే. రెండు గడుల టేబుల్ చేయండి: ఎడమ రివ్యూయర్ మాట యథాతథంగా, కుడివైపు మీరు చేసిన మార్పు, పేజీ, లైను నంబరుతో. ఒప్పుకోని చోట కారణం చెప్పి ఊరుకోండి, వాదన పెట్టుకోవద్దు. పేపర్ ఒప్పుకున్నాక వచ్చే ఫారంలో ఓపెన్ యాక్సెస్ (పాఠకులు ఉచితంగా చదివేలా ఉంచడం) గడి తొందరపడి టిక్ చేయకండి. నేను పైన చెప్పినవి చందా మీద నడిచే జర్నళ్లు, మామూలు దారిలో ప్రచురణకు రుసుం లేదు. ఆ గడి టిక్ చేస్తే డాలర్లలో బిల్లు వస్తుంది.