తప్పంతా పళ్ళ మీదకు నెట్టకు

చి.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే వారం పాపను తీసుకుని బెంగళూరు వెళ్ళిపోతున్నావనీ, పెద్దవాళ్ళెవరూ రానక్కర్లేదు, మేమిద్దరమే చూసుకుంటాం అన్నావనీ మీ అమ్మ చెప్పింది. నిన్న మొన్నటి పిల్లవి, ఇంత మాట అన్నావంటే ముచ్చటేసింది. ఆ వెంటే గుబులూ పట్టుకుంది. ఆరో నెల నిండి, చొంగ కారుస్తూ, పిడికిలంతా నోట్లో కుక్కుకుంటోందంటే కింది ముందు పళ్ళు రెండూ దారిలో ఉన్నట్టే. పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమని ఎవరన్నా భయపెడితే పట్టించుకోకు, మీ తమ్ముడికేం కాదు.

చొంగ రుద్ది తుడవకు, అద్దు. గడ్డం కిందా మెడ మడతల్లో కాస్త వాజిలిన్ రాయి. గోళ్ళు కత్తిరించుకుని, సబ్బుతో చెయ్యి కడుక్కుని, వేలి కొసతో చిగురు మీద ఓ నిమిషం మెల్లగా ఒత్తు. సగం ఏడుపు అక్కడే ఆగుతుంది.

మిగతా సగానికి గుడ్డ. పాత నూలు చీర ముక్కలు నాలుగు మరిగించి ఆరబెట్టుకో. ఒకదాన్ని కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచి పిండి, ఒక చివర ముడేసి, మూత ఉన్న స్టీలు డబ్బాలో ఫ్రిజ్‌లో అరగంట ఉంచు. ఫ్రీజర్‌లో పెట్టకు, రాయిలా గడ్డకట్టి వాచిన చిగురును గాయం చేస్తుంది. ముడి పాప నోట్లో, రెండో చివర నీ చేతిలో. అంచున దారాలు ఊడుతుంటే ఆ ముక్క పారెయ్యి. (నువ్వయితే నా కొంగు ముడి పట్టుకుంటే వదిలేదానివి కాదు.)

నీళ్ళు నింపిన టీతరు (పళ్ళొచ్చే పిల్లలు కొరికే బొమ్మ), మెడలో పూసలదండ, మువ్వలు ఊడే గిలక్కాయ, పచ్చి క్యారెట్ ముక్క: ఇవేవీ వద్దు. తేనె ఏడాది నిండేదాకా నాకించకు. అందులో ఉండగల బొటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు పసిపేగులో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. షాపువాడు ఇచ్చే చిగుళ్ళ జెల్ కూడా వద్దు. బెంజోకెయిన్ అనే మొద్దుబార్చే మందు ఉన్న జెల్ రెండేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే చెప్పింది. దానివల్ల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి పడిపోవచ్చు. పైగా చొంగతో కొద్దిసేపట్లోనే కొట్టుకుపోయే మందు అది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది చెప్తాను. మన ఇళ్ళలో తరాలుగా చేస్తున్న తప్పు ఒకటుంది. పాపకు నీళ్ళ విరేచనాలవుతుంటే "పళ్ళ విరేచనాలే, పన్ను బయటపడితే అవే పోతాయి" అంటారు. ఒళ్ళు కాలిపోతుంటే "పళ్ళ జ్వరం" అంటారు. రెండ్రోజులు అలా గడిచేసరికి పిల్ల వాడిపోతుంది. పన్నుకు అంత బలం లేదమ్మా. చిగురు వాస్తుంది, చిరాకు, చొంగ, మహా అయితే ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది. 100.4 దాటిందంటే అది పన్ను పని కాదు. మరి పన్నూ జబ్బూ ఒకేసారి ఎందుకొస్తాయంటావా? నీ కడుపులో ఉన్నప్పుడు నీ నుంచి తీసుకున్న రక్షణ సరిగ్గా ఈ నెలల్లోనే తగ్గిపోతుంది, అన్నప్రాశన అయి పైతిండి మొదలవుతుంది, చిగురు దురదకు నేల మీద దొరికిందల్లా నోట్లోకి పోతుంది. క్రిములు ఆ దారిన వస్తాయి, నింద పన్ను మీద పడుతుంది.

అందుకని విరేచనం పల్చబడగానే ఓఆర్ఎస్ కలుపు. లీటరు ప్యాకెట్టయితే కాచి చల్లార్చిన నీళ్ళు సరిగ్గా లీటరు కొలిచి పొడంతా ఒకేసారి కలపాలి. గ్లాసు నీళ్ళలో అందాజుగా పొడి వేస్తే ఉప్పు ఎక్కువై ప్రాణం మీదికొస్తుంది. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి రసాలు ఓఆర్ఎస్ కావు. విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 మి.లీ., చెంచాతో కొద్దికొద్దిగా పట్టు. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టు. నీ పాలు ఆపకు. కలిపి 24 గంటలు దాటిన ఓఆర్ఎస్ నీళ్ళు పారబొయ్యి. మాడు లోతుకు పోయినా, ఆరు గంటలు ఉచ్చ పొయ్యకపోయినా, కన్నీళ్ళు రాకుండా ఏడ్చినా, విరేచనంలో నెత్తురు కనబడినా నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు, ఆసుపత్రికి పరుగెత్తు.

రాత్రి మరీ తల్లడిల్లితే డాక్టర్ని అడిగి పారాసిటమాల్ ఇవ్వచ్చు. కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా., కనీసం నాలుగు గంటల ఎడంతో. సీసా మీది అంకె దీపం వేసి చదువు: డ్రాప్స్‌లో మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటే, 125 సిరప్‌లో అయిదు మి.లీ.కి 125 ఉంటుంది. ఎనిమిది కిలోల పిల్లకు 100 మి.గ్రా. అంటే డ్రాప్స్ ఒక్క మి.లీ., ఆ సిరప్ నాలుగు మి.లీ. నిద్రమత్తులో డ్రాప్స్‌ను సిరప్ లెక్కన పోశావంటే నాలుగింతలు పడుతుంది. ఇంట్లో ఒక్క సీసానే ఉంచు. ఈ ముక్క అల్లుడికీ చదివి వినిపించు, రాత్రిళ్ళు లేచేది తనే అన్నావుగా!

పాలు తాగుతూ కొరికితే లాక్కోకు, చిటికెన వేలు పాప నోటి మూలన పెట్టి విడిపించుకో. పన్ను వచ్చాక మెత్తటి బ్రష్షు మీద బియ్యపుగింజంత పేస్టు చాలు.

స్టీలు చెంచాతో ఉగ్గు పెడుతుంటే ఓ రోజు టిక్కుమని చప్పుడవుతుంది. కంటికి కనబడకముందే పన్ను అలా పలుకుతుంది. అది విన్నాక మాత్రం ఎంత రాత్రయినా సరే, ముందు నాకే ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ