విశాఖలో సెకండ్‌హ్యాండ్ డి3500 కొనవచ్చా? ఆరేళ్లు వాడినవాడి మాట

డిగ్రీలో చేరిన మీ అమ్మాయికి ఫోటోల మీద ఆసక్తి కలిగిందని, తెలిసినవారి దగ్గర నికాన్ డి3500 కెమెరా, దానితో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్సు, విడిగా ఒక 50 ఎంఎం లెన్సు అమ్మకానికి ఉన్నాయని రాశారు. బీచ్‌లో, ఇంట్లో శుభకార్యాల్లో ఫోటోలు, వీలైతే యూట్యూబ్ వీడియోలు తీయాలని ఆమె కోరిక. కొనవచ్చా, ఆ డబ్బు పెట్టి మంచి ఫోను కొనడమే నయమా అని మీ ప్రశ్న.

ఇదే కెమెరాను ఇదే ఊళ్లో ఆరేళ్లుగా వాడుతున్నాను. వీడియోల మాట పక్కన పెడితే, కొనండి అనే అంటాను. అయితే అమ్మేవారి వరండాలో నాలుగు ఫోటోలు తీసి, తెరమీద చూసి మురిసిపోయి డబ్బు చేతిలో పెట్టేయకండి. పగటి వెలుతురులో ఇది ఎవరికైనా నచ్చుతుంది. నాకూ అలాగే నచ్చింది. దీనితో ఎక్కడ ఇబ్బంది పడాల్సి వస్తుందో నాకు తెలిసింది ఒక పెళ్లి పందిట్లో, ఆ తర్వాత ఒక వానాకాలంలో.

ముందు మంచి చెబుతాను. కొన్న కొత్తలో ఆదివారాలు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లేవాణ్ని. మరబోట్లు ఒడ్డుకు చేరి, వంజరాలు, పీతలు తట్టల్లోకి దిగుతుంటాయి. ఓ పక్క వేలంపాట సాగుతుంటుంది. సముద్రం వైపు ఆకాశం ఎర్రబడుతుంది కాని బోట్లు ఇంకా నల్లగానే ఉంటాయి. ఆకాశానికి సరిపడా వెలుతురు పెడితే బోటులోని మనిషి కనిపించడు, మనిషికి సరిపడా పెడితే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. ఒకరోజు ఆకాశానికే పెట్టి, రా ఫైలుగా, అంటే సెన్సర్ పట్టుకున్నదంతా దిద్దకుండా దాచే ఫైలుగా తీసుకుని ఇంటికి వచ్చాను. కంప్యూటర్‌లో నీడలను మెల్లగా వెలిగిస్తూ పోతే, నల్లటి ముద్దలా ఉన్నచోట వల సర్దుతున్న రెండు చేతులు, పక్కన మూత లేని ఐసు డబ్బా, బోటు చెక్క మీద పెచ్చులు లేచిన నీలం రంగు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఆ రోజు ఈ కెమెరా మీద నాకు గురి కుదిరింది. 24.2 మెగాపిక్సెళ్లు అని పెట్టె మీద రాసిన అంకె కాదు అసలు సంగతి. 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 మిల్లీమీటర్ల ఎత్తు ఉండి వెలుతురును పట్టుకునే సెన్సర్‌ది ఆ ఘనత. ఫోన్లలో ఉండేది దీని ముందు చిన్న బిళ్ల.

బరువు సంగతి. లెన్సు, బ్యాటరీ లేకుండా బాడీ ఒక్కటే 365 గ్రాములు. బ్యాటరీ ఒకసారి ఛార్జి చేస్తే 1,550 ఫోటోల వరకు వస్తుందని నికాన్ చెబుతుంది. ప్రామాణిక పద్ధతిలో లెక్కించిన అంకె అది. నా వాడకంలో తేలింది ఏమిటంటే, మూడు రోజుల అరకు ప్రయాణానికి ఛార్జరు ఇంట్లో మరిచిపోయినా బెంగపడలేదు. ఇక ఉదయం పదకొండు గంటల ఎండలో రామకృష్ణా బీచ్‌లో నిలబడి ఫోను తెర చూడటానికి ప్రయత్నించండి, మీ ముఖమే కనిపిస్తుంది. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో ఆ బాధ లేదు. కాకపోతే అది ఫోటోలో వచ్చేదానిలో 95 శాతమే చూపిస్తుంది. మిగిలిన అంచులో ఎవరిదో మోచెయ్యి, కొబ్బరిబోండాల బండి చక్రం వచ్చి కూర్చుంటాయి. తర్వాత కత్తిరించుకోవడమే.

ఇప్పుడు పెళ్లి. మా పిన్ని కూతురి పెళ్లి ముహూర్తం రాత్రి పొద్దుపోయాక. అసలు ఫోటోగ్రాఫర్ వేరే ఉన్నారు, నేను సరదాకి పెట్టుకున్నాను. జీలకర్ర బెల్లం పెట్టే వేళ, అడ్డుతెర తీయగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ రెప్పపాటు ఉంటుంది కదా, దానికోసం కాచుకుని ఉన్నాను. లెన్సును 55 దాకా జూమ్ చేశాను. అక్కడ కెమెరాతో వచ్చిన ఈ కిట్ లెన్సు ఎఫ్ 5.6 కంటే పెద్దగా తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుని, అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది). కళ్యాణమండపం దీపాలు మన కంటికి దేదీప్యమానం, కెమెరాకు మసక. ఫోకస్ బిందువును, అంటే ఫోటోలో ఎక్కడ స్పష్టంగా రావాలో ఆ చోటును ఎంచుకునే పని కూడా కెమెరాకే వదిలేశాను. తెర దిగింది. లెన్సు ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకు వెళ్లింది. అది కుదురుకునేసరికి పురోహితుడి వీపు అడ్డం వచ్చింది. ఆ వీపు మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది. “ఇంత పెద్ద కెమెరా పట్టుకుని ఆ ఒక్క ఫోటో తీయలేకపోయావా నాయనా?” అని పిన్ని ఇప్పటికీ అంటుంది.

తప్పు నాదే. దీనిలో 11 ఫోకస్ బిందువులు ఉన్నాయి, వాటిలో నడిమిది ఒక్కటే అడ్డగీతలనూ నిలువుగీతలనూ కూడా పట్టుకోగలిగిన క్రాస్ రకం. వెలుతురు తగ్గినప్పుడు ఆ ఒక్కదాన్నే నమ్ముకోవాలి. దాన్ని పెళ్లికూతురి కంటి మీద పెట్టి, ముందే ఫోకస్ చేసి ఉంచుకోవలసింది. ఇప్పుడు అలాగే చేస్తున్నాను. అయినా ఎఫ్ 5.6 ఎఫ్ 5.6 గానే ఉంటుంది. ఐఎస్‌ఓను, అంటే అందిన కాస్త వెలుతురునే కెమెరా పెంచి చూపే మోతాదును 6400కు పెంచితే పట్టుచీర జరీ మీద ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది. ఎఫ్ 1.8 లెన్సు దాదాపు పదిరెట్లు ఎక్కువ వెలుతురు ఇస్తుంది. అందుకే తర్వాత ఈ సైజు సెన్సర్‌కు తగ్గట్టు చేసిన 35 ఎంఎం ఎఫ్ 1.8 డీఎక్స్ లెన్సు కొన్నాను. 200 గ్రాములు కూడా మించని ఆ చిన్న లెన్సే ఇప్పుడు నా కెమెరాకు ఎప్పుడూ తగిలించి ఉంటుంది. ఇంట్లో దీపాల వెలుగులో పిల్లల ఫోటోలకు దానికి మించింది నాకు దొరకలేదు.

రెండో సంగతి వానాకాలం. ఇది ఏ కంపెనీ కెమెరాకైనా మన ఊళ్లో తప్పదు. ఆ ఏడాది జూలై నుంచి అక్టోబరు వరకు కెమెరాను దాని సంచిలోనే పెట్టి బీరువాలో దాచాను. భద్రంగా ఉందనుకున్నాను. దసరాకు బయటికి తీస్తే దీపాల చుట్టూ పొగ కమ్మినట్టు ఫోటోలు వచ్చాయి. లెన్సు ఊడదీసి, వెనకనుంచి టార్చి వేసి ముందునుంచి చూస్తే, లోపలి గాజు అంచున సాలెగూడు పోగుల్లాంటి సన్నని తెల్ల దారాలు. బూజు! ఉప్పుగాలి, ఉక్క కలిసిన ఊరు మనది, మెత్తటి సంచి ఆ తేమను పట్టి ఉంచుతుంది. శుభ్రం చేయించడానికి అడిగిన మొత్తానికి కొంచెం కలిపితే అలాంటిదే వాడిన లెన్సు ఇంకొకటి వచ్చేది, అదే కొన్నాను. అప్పటినుంచి అమ్మ వడియాలు దాచుకునే, గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి అడిగి తీసుకున్నాను. అందులో సిలికా జెల్ పొట్లాలు వేసి కెమెరా పెడతాను. రంగు మారిన పొట్లాలను మార్చేస్తాను. వారానికి ఒకసారైనా బయటికి తీసి వాడటం అన్నిటికంటే మంచి మందు. అమ్మకు ఆ డబ్బా ఇంకా తిరిగి ఇవ్వలేదు.

దుమ్ము, తుంపర్లు లోపలికి పోకుండా ఆపే ఏర్పాటు ఈ బాడీలో లేదు. యారాడలో అలల దగ్గర నిలబడితే కళ్లద్దాల మీద పేరుకునే ఉప్పుపొరే కెమెరా మీదా పేరుకుంటుంది. ఇంటికి రాగానే కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో బాడీ తుడిచి, ఆరబెట్టి గాని డబ్బాలో పెట్టకూడదు. సెన్సర్‌ను తనంతట తాను దులుపుకునే ఏర్పాటూ దీనికి లేదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద, గాలి వీస్తుండగా లెన్సు మార్చాను. ఆ తర్వాత నెలరోజుల పాటు నా ప్రతి ఆకాశంలోనూ ఒకేచోట రెండు మచ్చలు.

వీడియో సంగతి త్వరగా తేల్చేస్తాను. 4కే లేదు, 1080 వరకే. బయటి మైకు పెట్టుకునే రంధ్రం లేదు కాబట్టి బీచ్‌లో మాట్లాడితే గాలి హోరే వినిపిస్తుంది. తెర తిరగదు కాబట్టి అమ్మాయి తనను తాను చూసుకుంటూ తీసుకోలేదు. యూట్యూబే ముఖ్యమైతే ఇది వద్దు, ఫోనే మేలు. ఫోటోలను ఫోనుకు పంపడానికీ బ్లూటూత్ మాత్రమే ఉంది, వైఫై లేదు. నేను కార్డు రీడరు వాడుతున్నాను.

ఇంకొకరు కెనాన్ 1500డి గురించి కూడా అడిగారు. రెండూ 2018లో వచ్చినవే. కెనాన్‌లో వైఫై ఉంది, దాని ఈఎఫ్ లెన్సులు ఏవి తగిలించినా ఆటోఫోకస్ పనిచేస్తుంది. ఫోకస్ బిందువులు 9, సెకనుకు 3 ఫోటోలు, బ్యాటరీ 500 ఫోటోలకు. నికాన్‌ది సెకనుకు 5. అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లను రుషికొండలో తీసినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఒకటే ధరకు రెండూ దొరికితే నేను మళ్లీ నికానే తీసుకుంటాను. డి3500 తయారీ ఆగిపోయింది, కొత్తది దుకాణంలో దొరుకుతుందని చూడకండి.

కొనడానికి వెళ్లినప్పుడు టార్చి ఉన్న ఫోను తీసుకెళ్లండి. నేను చెప్పినట్టు లెన్సులు రెండింటి లోపలా చూడండి. ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, మచ్చలు ఉంటే సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టే. అది శుభ్రం చేయించవచ్చు, బూజు అంత భయం లేదు. తీసిన ఫోటో ఫైలులోనే అప్పటివరకు షట్టర్ ఎన్నిసార్లు పడిందో, అంటే ఎన్ని ఫోటోలు తీశారో నమోదై ఉంటుంది, కంప్యూటర్‌లో వేసి చూడవచ్చు. చివరగా తలుపులు, కిటికీలు మూసి, ఒక్క దీపం వేసి, కదులుతున్న మనిషిని తీయమని అమ్మాయికే కెమెరా ఇవ్వండి. ఎలా పట్టుకుంటుందో, ఎంత విసుక్కుంటుందో మీకే తెలుస్తుంది.

అన్నట్టు ఆ 50 ఎంఎం లెన్సు పేరు చివర ఏ అక్షరం ఉందో మీరు రాయలేదు. అది చాలా ముఖ్యం. ఈ బాడీలో ఫోకస్ తిప్పే మోటారు లేదు, అది లెన్సులోనే ఉండాలి. 1.8 పక్కన ‘జి’ ఉన్న, లోపలే మోటారు ఉండే ఏఎఫ్-ఎస్ లెన్సు అయితే నిశ్చింతగా తీసుకోండి. ‘డి’ అని ఉంటే ఆటోఫోకస్ పనిచేయదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. స్నేహితుడి దగ్గర అలాంటి డి లెన్సు ఒకటి అరువు తెచ్చి తగిలించగానే, వ్యూఫైండర్‌లో ‘ఎఫ్ఈఈ’ అని మూడు అక్షరాలు మిణుకుమిణుకుమంటూ షట్టర్ పడలేదు. పాడైందని కంగారుపడ్డాను. లెన్సు ఎంత తెరుచుకోవాలో పెట్టే అపర్చర్ రింగును 22 దగ్గరికి తిప్పి బిగిస్తే మామూలుగా పనిచేసింది. ఫోకస్ కుదిరితే వ్యూఫైండర్‌లో కింద ఒక చుక్క వెలుగుతుంది, దాన్ని చూసుకుంటూ మెల్లగా తిప్పాలి. కదలని వస్తువులకు ఇబ్బంది లేదు, పెళ్లిలో మాత్రం అయ్యే పని కాదు. డి లెన్సు అని తేలితే దాన్ని పక్కన పెట్టేసి, బాడీకీ 18-55కూ మాత్రమే ధర మాట్లాడండి.