ధర ఎక్కువన్నది కేసు కాదు, డబ్బా మీది మాట అబద్ధమన్నది కేసు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. 2024 ఉగాదికి ముందు రోజు, ఏప్రిల్ 8న, నాన్నగారి కోసం 55 అంగుళాల టీవీ కొన్నాం. కంటి శుక్లాల ఆపరేషన్ తర్వాత ఆయనకు కాలక్షేపం అదొక్కటే. సెట్ టాప్ బాక్సుతో వచ్చిన కేబుల్ పెడితే బొమ్మ మసకగా వస్తుందని చెప్పి, ఎస్పీ రోడ్డులోని ఒక దుకాణదారుడు మూడు మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్‌ను రూ.14,500కు అంటగట్టాడు. అది నాన్నగారి పింఛను డబ్బు. ఈమధ్య మా తమ్ముడు పాత కేబుల్ తగిలించి చూపిస్తే రెండింటికీ రవ్వంత తేడా లేదు. దుకాణానికి వెళ్లి అడిగితే నవ్వి పంపించేశాడు. అప్పటి నుంచి నాన్నగారు టీవీ ముందు కూర్చోవడమే మానేశారు. బిల్లు లేకుండా అయితే పద్దెనిమిది శాతం తగ్గుతుందంటే ఎస్టిమేట్ చీటీతో సరిపెట్టుకున్నాం. డబ్బు నా ఫోను నుంచి యూపీఐలో కట్టాను. కేబుల్‌ను నిలువునా కోసి లోపల ఏముందో వీడియో తీసి అందరికీ చూపిద్దామని, చీటింగ్ కేసు పెడదామని మా బావమరిది అంటున్నాడు. 5 లక్షల పరిహారం వస్తుందా? కేబుల్ డబ్బా ఇంకా అటక మీదే ఉంది. దాని మీద ‘రంగులు 40 శాతం మెరుగు, ప్రయోగశాలలో పరీక్షించినది’ అని అచ్చు వేసి ఉంది.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీరు ఉత్తరం చివర రాసిన రెండు వాక్యాలే మీ కేసు. మీ నాన్నగారి కళ్లు, పింఛను, దుకాణదారుడి నవ్వు, వీటిలో ఏ ఒక్కటీ వినియోగదారుల కమిషన్ తీర్పును అటూ ఇటూ కదల్చదు. అటక మీద ఉన్న ఆ డబ్బా కదలుస్తుంది. ముందు దాన్ని కిందికి దించి, దుమ్ము కూడా తుడవకుండా ఒక సంచిలో పెట్టి బీరువాలో భద్రపరచండి. మిగతా జవాబు ఆ తర్వాత చదవండి.

కేబుల్‌కు ధర ఎక్కువ తీసుకున్నాడన్నది ఫిర్యాదు కాదు. ఒక కేబుల్ ఇంతకు మించి అమ్మకూడదని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. డబ్బా మీద ఉన్న గరిష్ఠ చిల్లర ధర కంటే ఎక్కువ పుచ్చుకుని ఉంటే మాత్రం అది వేరే నేరం. తూనికలు కొలతల శాఖకు ఒక కాగితం రాస్తే చాలు, వాళ్లే చూసుకుంటారు. ఆ అంకె ఎంతో ఈ రోజే చూడండి. ‘బొమ్మ అద్భుతంగా ఉంటుంది సార్’ అని దుకాణదారుడు నోటితో అన్న మాటతోనూ పెద్దగా పని జరగదు. సరుకును పొగుడుకోవడం అమ్మేవాడి అలవాటని న్యాయస్థానాలు దాన్ని పక్కన పెడతాయి. కానీ ‘40 శాతం’ అన్నది పొగడ్త కాదు, కొలత. ‘ప్రయోగశాలలో పరీక్షించినది’ అన్నది జరిగిందో లేదో తేల్చగలిగిన విషయం.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతి అంటే ఏమిటో చెబుతుంది. సరుకు పనితీరు గురించి తగిన పరీక్ష ఏదీ లేకుండా జనానికి హామీ ఇవ్వడం అందులో ఒకటి. మీకు పనికొచ్చే ముక్క దాని కిందే ఉంది. పరీక్ష జరిపించే ఆ హామీ ఇచ్చామని అవతలివాడు అంటే, ఆ సంగతి రుజువు చేయవలసిన భారం అతడిదే. అంటే రంగులు 40 శాతం మెరుగుపడలేదని మీరు యంత్రాలు పెట్టి నిరూపించనక్కర్లేదు. ఆ డబ్బా అచ్చు వేయించినవాడు వచ్చి, ఏ ప్రయోగశాల, ఏ తేదీ, ఏ నివేదిక అని చెప్పుకోవాలి. అలాంటి నివేదిక ఉండడం అసాధ్యం. ఎందుకో మీకు అర్థమైతేనే ఫిర్యాదు సరిగ్గా రాయగలరు.

హెచ్‌డీఎంఐ తీగలో ప్రయాణించేది రంగులు కావు, అంకెలు. యూపీఐలో ఐదు వందలు పంపితే, ఖరీదైన ఫోను నుంచి పంపినంత మాత్రాన అవతలి ఖాతాలో ఐదు వందల యాభై పడవు కదా. ఇదీ అంతే. కేబుల్ ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు చేరవేస్తే టీవీ బొమ్మ వేస్తుంది. చేరవేయలేకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది, లేదా తెర నల్లబడుతుంది. ‘కాస్త మసక’, ‘కాస్త కాంతి’ అనే మధ్యస్థితి ఈ తీగకు లేదు. అది పాత అనలాగ్ తీగల నాటి సంగతి. ఆ భయాన్నే దుకాణాలవాళ్లు ఇప్పటికీ సొమ్ము చేసుకుంటున్నారు. బంగారు పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది, బొమ్మకు అందం తేదు.

కేబుళ్లకు తేడాలే లేవని నేను అనడం లేదు. తేడా మోయగలిగే బరువులో ఉంటుంది. 4కె బొమ్మను సెకనుకు 60 ఫ్రేముల చొప్పున పంపాలంటే సెకనుకు దాదాపు 18 గిగాబిట్లు మోయగల తీగ కావాలి. ప్రీమియం హై స్పీడ్ అనే తరగతి దానికోసమే. అల్ట్రా హై స్పీడ్ తరగతి 48 గిగాబిట్ల దాకా మోస్తుంది. ఈ రెండు తరగతుల ధ్రువీకరణ పొందిన కేబుళ్ల డబ్బాల మీద ఫోనుతో స్కాన్ చేసి సరిచూసుకునే లేబుల్ ఉంటుంది. మూడు మీటర్ల లోపు అలాంటివి మీరు పెట్టిన సొమ్ములో పదో వంతుకే దొరుకుతాయి. మీ సెట్ టాప్ బాక్సు మామూలు హెచ్‌డీ ఛానెళ్లు ఇచ్చేదైతే దానికి ఐదు గిగాబిట్లు కూడా పట్టవు. గోడలోంచి పది, పదిహేను మీటర్లు లాగి ప్రొజెక్టరుకు కలిపేవారి సంగతి వేరు. అంత దూరానికి రాగి తీగ చేతులెత్తేస్తుంది. లోపల చిప్పు ఉన్న కేబుల్, లేదా ఆప్టికల్ ఫైబర్ కేబుల్ కావాలి. అక్కడ ఎక్కువ ధరకు న్యాయం ఉంది, మీ మూడు మీటర్లకు లేదు.

ఇక్కడ చాలామంది కేసు పోగొట్టుకునే పొరపాటు ఒకటి చెబుతాను. మీ ఫిర్యాదులో ‘లోపం ఉన్న కేబుల్ అమ్మారు’ అని ఒక్క వాక్యం కూడా రాయవద్దు. మీ కేబుల్‌లో లోపం లేదు. అది బొమ్మను చక్కగా చూపిస్తోంది, పాతది కూడా అలాగే చూపిస్తోంది. మీరు లోపం అన్న మరుక్షణం కమిషన్ సెక్షన్ 38 కింద దాన్ని సీలు వేయించి ప్రయోగశాలకు పంపవచ్చు. ఆ పరీక్షకు అయ్యే రుసుము ముందుగా కట్టవలసింది మీరే. కేబుల్ నిక్షేపంగా ఉందని నివేదిక వస్తుంది, మీ ఫిర్యాదు కొట్టివేస్తారు. మీ ఆరోపణ వస్తువు మీద కాదు, వస్తువు గురించి చెప్పిన మాట మీద. అబద్ధపు హామీతో, అనుచిత వ్యాపార పద్ధతితో కొనిపించారన్నదే మీ వాదం. అది తప్ప మరొకటి కలపకండి.

మీ బావమరిదికి ఈ మాట గట్టిగా చెప్పండి: కేబుల్ మీద కత్తి పడకూడదు. కోస్తే లోపల రాగి తీగలే ఉంటాయి, పైన రేకు చుట్టి ఉంటుంది, వీడియో చూసినవారికి ఏమీ అర్థం కాదు. మీ చేతిలో ఉన్న వస్తు సాక్ష్యాన్ని మాత్రం మీ చేతులతోనే నాశనం చేసుకున్నవారు అవుతారు. ‘నేను అమ్మింది ఇది కాదు, వేరే చవక కేబుల్ కోసి నాదంటున్నారు’ అని దుకాణదారుడు అంటే మీ దగ్గర జవాబు ఉండదు. పైగా అతడి ముఖం, దుకాణం పేరు చూపిస్తూ దొంగ అని వీడియో పెడితే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువునష్టం కేసులో మీరే ముద్దాయిలు అవుతారు. ఫిర్యాదుదారుగా కమిషన్‌కు వెళ్లవలసినవారు ముద్దాయిగా మేజిస్ట్రేటు కోర్టు మెట్లు ఎక్కుతారు. చీటింగ్ కేసు ఆలోచన కూడా మానుకోండి. అమ్మేనాటికే మోసపు బుద్ధి ఉందని నేరస్థాయిలో రుజువు కావాలి. అచ్చేసిన డబ్బాను తెచ్చి అమ్మిన చిల్లర వర్తకుడి మీద అది నిలవడం కష్టం, స్టేషన్లో సివిల్ వ్యవహారమని పంపించేస్తారు.

ఇక బిల్లు. చదువుకున్నవారు, ఉద్యోగం చేస్తున్నవారు, జీఎస్టీ మిగులుతుందని బిల్లు వద్దనుకున్నారు. దాంతో మీరు మిగుల్చుకున్నది పన్ను కాదు, దుకాణదారుడికి తప్పించుకునే దారి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనని చట్టం అంటోంది. కానీ మీరే తగ్గింపు కోసం ఒప్పుకున్నారని అతడు చెబితే, ఆ వాదన మీ మీదికే తిరుగుతుంది. అందుకే దాన్ని ముందుకు తేవద్దు. జరిగింది జరిగినట్టు ఫిర్యాదులో ఒక వాక్యంలో రాసేయండి. దాచితే ఎదురు ప్రశ్నలో బయటపడుతుంది. తెలిసిన దుకాణం నుంచి పాత తేదీతో బిల్లు తెచ్చిపెడతామని ఎవరైనా అంటే ఆ గుమ్మం తొక్కకండి. అది దొంగ సాక్ష్యం సృష్టించడమే.

బిల్లు లేని లోటు పూర్తిగా కాకపోయినా చాలావరకు పూడ్చవచ్చు. ఎస్టిమేట్ చీటీని ఒక్కసారి వెలుతురులో పెట్టి చూడండి. మీద దుకాణం పేరు, ఫోను నంబరు ఉన్నాయా, లేక సంతలో దొరికే ఉత్త పుస్తకంలోంచి చించిన కాగితమా? రాసిన వస్తువు పేరు ‘కేబుల్’ అనా, ‘సామాన్లు’ అనా? యూపీఐ సొమ్ము దుకాణం పేరున పడిందా, లేక ఒక వ్యక్తి పేరున పడిందా? వ్యక్తి పేరున అయితే ఆ వ్యక్తికీ దుకాణానికీ ఉన్న సంబంధం చూపాలి. బ్యాంకు నుంచి ఆ నెల స్టేట్‌మెంటు ముద్ర వేయించి తీసుకోండి. కొనేముందు గానీ తర్వాత గానీ దుకాణంతో వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే అది బంగారం. వాళ్లు పంపిన కేబుల్ ఫొటో, ధర, ఆఖరికి ‘వెనక్కి తీసుకోం’ అన్న ఒక్క ముక్క కూడా అమ్మకాన్ని రుజువు చేస్తుంది. ఆ ఫోను మార్చకండి, సందేశాలు చెరపకండి. ముద్రించిన ప్రతులతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద, అవి ఆ ఫోను నుంచి తీసినవేనని చెప్పే ధ్రువపత్రం జతచేయండి. సంభాషణ తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం పెట్టండి. బెంగళూరు కమిషన్ సభ్యులకు తెలుగు వస్తుందని అనుకుని వదిలేయకూడదు.

అన్నిటికంటే ముందు తేదీ. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంగతి, పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. మోసం ఈమధ్యే తెలిసింది కాబట్టి ఈమధ్య నుంచే లెక్క అని మీకు ఎవరైనా ధైర్యం చెప్పవచ్చు. ఆ వాదన ఉంది, కానీ దాని మీద ఆధారపడేది గడువు దాటిపోయినవారు. పాత కేబుల్ మొదటి నుంచీ మీ ఇంట్లోనే ఉంది, కొన్న రోజే మార్చి చూడవచ్చు కదా అని ప్రతివాది అడుగుతాడు. మీరు 2024 ఏప్రిల్ 8 నుంచే లెక్కించండి. అంటే 2026 ఏప్రిల్ 8 మీకు ఆఖరు. నోటీసు పంపితే గడువు పెరుగుతుందన్నది అపోహ. నోటీసులు, ఉత్తరాలు, ఫోన్లు ఎన్ని నడిచినా ఆ రెండేళ్లు ఆగవు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గాని, దానికి తగిన కారణం చూపాలి. తమ్ముడు వచ్చేదాకా కేబుల్ మార్చి చూడలేదన్నది కారణం కిందకు రాదు.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. దుకాణానికి ఒకటి, డబ్బా మీద పేరున్న తయారీదారుకు లేదా దిగుమతిదారుకు ఒకటి. ఆ రెండోవాడిని వదిలేస్తే కేసు సగం పోయినట్టే. డబ్బా మీద అచ్చైన మాటను దాన్ని అచ్చు వేయించినవాడే జనానికి చెప్పినట్టు చట్టం లెక్క. దుకాణదారుడిని ఒక్కడినే పిలిస్తే ‘ఆ రాత నాది కాదు’ అని చేతులు దులుపుకుంటాడు. నోటీసులో కోపం వద్దు. కొన్న తేదీ, చెల్లింపు వివరం, డబ్బా మీది వాక్యం ఉన్నది ఉన్నట్టు, పరీక్ష నివేదిక ప్రతి పంపమన్న డిమాండు, సొమ్ము వాపసుకు పదిహేను రోజుల గడువు, ఇంతే. నివేదిక పంపకపోతే ఆ మౌనమే మీకు సాక్ష్యం. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోను చేయండి. చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి.

దిగిరాకపోతే బెంగళూరు నగర జిల్లా కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు మించని కేసులకు దాఖలు రుసుము లేదు. మీరు నివసించే చోట గానీ ఉద్యోగం చేసే చోట గానీ వేసే హక్కు సెక్షన్ 34 ఇస్తోంది. కాబట్టి రేపు బదిలీ అయినా ఆ ఊళ్లోనే వేసుకోవచ్చు. వకీలు తప్పనిసరి కాదు, వాదం అఫిడవిట్ల మీదే నడుస్తుంది. ప్రతివాదులు నోటీసు అందిన 30 రోజుల్లో, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. 45 రోజులు దాటితే ఆ జవాబు తీసుకోకూడదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ తేదీ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి, దాటిన రోజే కమిషన్ దృష్టికి తెండి.

5 లక్షలు అడగకండి. పద్నాలుగు వేల కేబుల్‌కు ఐదు లక్షలన్న చోటే చదివేవారికి మీ మిగతా మాటల మీద నమ్మకం సడలుతుంది. రూ.14,500 వాపసు, దాని మీద వడ్డీ, తిరుగుడుకు, మనస్తాపానికి కలిపి ఒక సహేతుకమైన మొత్తం, ఖర్చులు, దాంతో పాటు ఆ ‘40 శాతం’ వాక్యాన్ని డబ్బాల మీద నుంచి తీసేయాలన్న ఆదేశం కోరండి. చివరిదాన్ని చాలామంది అడగరు. సెక్షన్ 39 కింద కమిషన్ అలాంటి ఆదేశం ఇవ్వగలదు. దిగుమతిదారుడు మీ వాపసు సొమ్ము కంటే దానికే ఎక్కువ భయపడతాడు, అందుకే రాజీకి రావచ్చు. వస్తే సొమ్ము మీ ఖాతాలో పడ్డాకే, రాతపూర్వకంగానే ఫిర్యాదు ఉపసంహరించుకోండి. కేబుల్, డబ్బా అప్పటిదాకా మీ బీరువాలోనే ఉండాలి. చూసి ఇస్తామని అడిగినా దుకాణం చేతికి ఇవ్వకండి.