అప్‌డేట్ అడిగితే అప్‌గ్రేడ్ చూపించారా?

ప్రశ్న: ఫోన్‌కు అప్‌డేట్ రావట్లేదని హన్మకొండలో ఒక షాపుకు పోతే, ‘అప్‌గ్రేడ్ అయిపోండి సార్’ అని కొత్త ఫోన్లు ముందు పెట్టారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: కాదు. ఉన్నదాన్ని సరిచేసేది అప్‌డేట్, పై మెట్టుకు ఎక్కించేది అప్‌గ్రేడ్. కాజీపేటలో ఎక్కే ప్రయాణికుడి స్లీపర్ టికెట్‌కు చార్ట్ వేసేటప్పుడు థర్డ్ ఏసీ బెర్త్ వస్తే అది అప్‌గ్రేడ్. బండి ఎంత లేటో ఫోన్‌లో కనిపించేది అప్‌డేట్. ఆండ్రాయిడ్ 14లోనే ఉండి సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాలను పూడ్చే చిన్న సవరణ) వేసుకుంటే అప్‌డేట్. 15కు మారితే అప్‌గ్రేడ్. కంప్యూటర్ సంగతికొస్తే, విండోస్ 10కు మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. 11కు అప్‌గ్రేడ్ అవుదామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, చాలా పాత మెషీన్లలో అది లేదు. ఇక యాప్‌లలో అప్‌గ్రేడ్ అని కనిపిస్తే చాలాసార్లు డబ్బులు కట్టమనే.

కంపెనీలే ఈ తేడాను చెరిపేశాయి. చిన్న ప్యాచ్‌కూ, ఫోన్ రూపమే మార్చేసే పెద్ద వెర్షన్‌కూ ఒకటే నోటిఫికేషన్, ఒకటే బటన్. పైగా ఎవరూ అడగని యాప్‌లు నాలుగు తెచ్చిపెడతారు. దాంతో జనం విసిగిపోయి అసలైన ప్యాచ్‌ను కూడా ‘తర్వాత’ అని నెలల తరబడి తోసేస్తున్నారు. అదేం జాగ్రత్తో!

నా టెన్షన్ మాత్రం వేరే. సెట్టింగ్స్‌లో వచ్చే అప్‌డేట్‌ను తోసేసే మనిషే, వాట్సాప్‌లో ‘బ్యాంక్ కేవైసీ అప్‌డేట్’, ‘ఆర్టీఓ చలాన్’ అంటూ వచ్చిన ఏపీకే ఫైల్‌ను (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లో ఎక్కించే ఫైల్) ఠక్కున నొక్కుతాడు. అది ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ అడుగుతుంది, ఇస్తే ఓటీపీలన్నీ దొంగ చేతికే. యాక్సెసిబిలిటీ (స్క్రీన్‌ను చదివి, మన బదులు బటన్లు నొక్కనిచ్చే పర్మిషన్) కూడా ఆన్ చేశారా, ఫోన్‌ను వాడే నడిపిస్తాడు. ఊరి గ్రూపులో బాబాయ్ పంపినా నమ్మొద్దు. బాబాయ్ అకౌంటే హ్యాక్ అయి ఉండొచ్చు. ఫోన్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లో, యాప్ అప్‌డేట్ ప్లే స్టోర్‌లో వస్తాయి. వాట్సాప్‌లో ఫైలుగా రావు. ఇప్పటికే నొక్కి ఉంటే ముందు డేటా, వైఫై ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి అకౌంట్ ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కాల్ చేయండి.

మీ ఫోన్ విషయానికి వద్దాం. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి, ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. రెండు మూడు నెలల కిందటిదైతే కొత్త ఫోన్ అవసరం లేదు, ఆగండి. రెండేళ్లు దాటితే మాత్రం అందులో బ్యాంకు యాప్‌లు ఉంచకండి. కాల్స్‌కు, పాటలకు ఆ ఫోన్ ఇంకా పనికొస్తుంది.