గైడ్‌లో బర్నింగ్ సాఫ్ట్‌వేర్ పేరు రాయాల్సిందే

లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాల్ గైడ్‌లో డిస్క్ బర్నింగ్ సాఫ్ట్‌వేర్, అంటే సీడీ రాసే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పాలా, ఐఎస్ఓను (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినదాన్ని) సీడీకి బర్న్ చేసుకోండి అంటే చాలదా అని అడిగారు. చాలదు. పేరు రాయాలి, అందులో ఏ బటన్ నొక్కాలో కూడా రాయాలి.

2008 వేసవి. కడపలో డిగ్రీ చదువుతున్నాను. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 8.04 కొత్తగా వచ్చింది. మా 256 కేబీపీఎస్ కనెక్షన్‌లో అది దిగడానికి రాత్రంతా పట్టింది. కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుందన్న టెన్షన్‌తో నిద్రే పోలేదు. మా సిస్టమ్‌లో సీడీ రైటర్ లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఏడు రోడ్ల దగ్గర ఒక నెట్ సెంటర్‌కు పోయాను. గైడ్ ప్రింటవుట్ చూపిస్తే షాపాయన చదివి, సీడీ రైట్ చేసి ఇచ్చాడు.

ఇంటికొచ్చి పెడితే మామూలుగా పాత విండోస్ ఎక్స్‌పీనే వచ్చింది. మళ్లీ పోయాను. "ఫైలు సీడీలో కనిపిస్తా ఉంది కదా తమ్ముడూ, మీ సిస్టమ్‌లోనే ఏదో ఉంది" అన్నాడు. ఇంకో సీడీ. అదీ అంతే. బయోస్ సెట్టింగ్స్‌లో బూట్ ఆర్డర్ (సిస్టమ్ ముందు దేని నుంచి మొదలవ్వాలన్నది) మార్చాను, సీడీ డ్రైవ్ కేబుల్ పీకి పెట్టాను. "బాగున్న సిస్టమ్‌ను చెడగొట్టినావు" అని నాన్న కేకలు. మూడో సీడీ కూడా పోయాక కాలేజీ సీనియర్ ఒకన్న వచ్చి సీడీ తెరిచి చూశాడు. లోపల ఒక్క ఐఎస్ఓ ఫైలే ఉంది. చాలా ఫోల్డర్లు కనబడాలి, ఇది ఉత్త కాపీ అన్నాడు. ఐఎస్ఓ అంటే మొత్తం డిస్క్‌కు అచ్చు. బూట్ భాగంతో సహా దాన్ని ఉన్నదున్నట్టు దించాలి. ఎక్స్‌పీకి సొంతంగా ఆ పని రాదు. ఆయన తన కంప్యూటర్‌లో ఇన్‌ఫ్రారికార్డర్ తెరిచి, రైట్ ఇమేజ్ నొక్కి, స్పీడు తగ్గించి రాశాడు. మొదటిసారికే బూట్ అయింది.

ఆ రెండు మాటలు గైడ్‌లో ఉంటే షాపాయన కూడా సరిగ్గానే చేసేవాడు. ఆయన తప్పు లేదు, రాసినవాళ్లదే తప్పు.

ఏదో ఒక పేరు రాసినా లాభం లేదు. వెతికితే పేజీ నిండా దొంగ డౌన్‌లోడ్ బటన్లే. ఒకప్పుడు అందరూ చెప్పిన ఇమ్‌గ్‌బర్న్ ఇన్‌స్టాలర్‌లో కూడా తర్వాత ఓపెన్‌క్యాండీ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ వచ్చి చేరింది. అందుకే రాసేవాళ్లు తాము వాడి చూసినదాన్నే, అసలు సైటు లింకుతో ఇవ్వాలి. విండోస్ 7 నుంచి ఐఎస్ఓ మీద రైట్ క్లిక్ చేస్తే బర్న్ డిస్క్ ఇమేజ్ వస్తుంది, వేరే సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. అది కూడా చాలామంది రాయరు.

సీడీల కాలం పోయింది కదా అంటారేమో. మొన్న మా అక్క కొడుకు అనంతపురం నుంచి ఫోన్ చేశాడు. పెన్‌డ్రైవ్‌లో ఐఎస్ఓ కాపీ చేసి, "మామా, బూట్ కావడం లేదు" అన్నాడు. వాడి గైడ్‌లో పెన్‌డ్రైవ్‌ను బూటబుల్ చేసుకోండి అని ఒక్క ముక్క ఉంది. ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌కు బూట్ అయ్యేలా రాసే రూఫస్ దించుకోమని చెప్పి, ఒక్కో బటన్ ఫోన్‌లోనే చదివి నొక్కించాను.