పైథానా, ఆరా? ముందు ఆ పోర్ట్ సంగతి చూడండి

ప్రశ్న: తార్నాకలో ఉంటూ ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేస్తున్నాను. బయోఇన్ఫర్మాటిక్స్‌కి (జీవశాస్త్ర డేటాని కంప్యూటర్‌తో విశ్లేషించడానికి) పైథాన్ భాష నేర్చుకోవాలా, ఆర్ నేర్చుకోవాలా? అమీర్‌పేటలో ఒకచోట అడిగితే జావా కూడా ఉండాలన్నారు. నా ల్యాప్‌టాప్‌లో విండోస్, 8 జీబీ ర్యామ్. మా ల్యాబ్ సర్వర్‌లో జూపిటర్ (బ్రౌజర్‌లోంచి కోడ్ నడిపే ప్రోగ్రాం) ఉంది. ఇంటి నుంచి తెరుచుకోడానికి వీలుగా సీనియర్లు పాస్‌వర్డ్ తీసేశారు, పర్వాలేదు కదా?

జవాబు: జావా మాట వదిలేయండి. జీన్ ఎక్స్‌ప్రెషన్ (ఏ జీన్ ఎంత చురుగ్గా ఉందో) లెక్కలూ గ్రాఫులూ మీ పనైతే ఆర్. ఆ లెక్కలు చేసే డీసెక్2, ఎడ్జ్‌ఆర్, లిమా ప్యాకేజీలన్నీ బయోకండక్టర్ అనే ఆర్ భాండాగారంలోనే దొరుకుతాయి. ఫైళ్లు విడగొట్టడం, కలపడం, మెషీన్ లెర్నింగ్ అయితే పైథాన్. రెంటికన్నా ముందు బాష్ (లినక్స్ కమాండ్ల భాష) రావాలి, డీఎన్‌ఏ ముక్కల్ని జీనోమ్‌తో పోల్చే బీడబ్ల్యూఏ, ఆ ఫలితాల్ని సర్దే శామ్‌టూల్స్ నడిచేది కమాండ్ లైన్ మీదే.

విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్2 వేసుకుని, డేటాని సీ డ్రైవ్‌లో కాకుండా లినక్స్ హోమ్ ఫోల్డర్‌లో పెట్టండి. లేకపోతే అంతా నత్తనడకే. డబ్ల్యూఎస్‌ఎల్ మామూలుగా సగం ర్యామే తీసుకుంటుంది, సెట్టింగ్స్ ఫైల్‌లో 6 జీబీకి పెంచుకోండి. అయినా మనిషి జీనోమ్ మీద స్టార్ (ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని జీనోమ్‌తో జతచేసే టూల్) నడవదు, దానికి 30 జీబీ దాకా కావాలి. డికాయ్ (అదనంగా చేర్చే జీనోమ్ వరసలు) లేని ఇండెక్స్‌తో శాల్మన్ అనే తేలికైన టూల్ వాడుకోవచ్చు. టూల్స్‌ని బయోకండా అనే టూల్స్ భాండాగారం నుంచి, ప్రాజెక్టుకో ఎన్విరాన్‌మెంట్ (విడి గది లాంటిది) చొప్పున వేయండి. అన్నీ బేస్ అనే మొదటి ఎన్విరాన్‌మెంట్‌లోనే కుక్కితే ఒకటి అప్‌డేట్ చేయగానే ఇంకోటి మొరాయిస్తుంది.

ఇక జూపిటర్. ఈ సంగతిని అందరూ చివర్లో, మాటవరసకి అడుగుతారు. పర్వాలేదని అస్సలు అనలేను. 0.0.0.0 మీద, అంటే బయటి కంప్యూటర్లకీ కనపడేలా నడిపి, టోకెన్ (లోపలికి రానిచ్చే రహస్య కోడ్), పాస్‌వర్డ్ రెండూ ఖాళీ పెడితే, ఆ 8888 పోర్ట్ (జూపిటర్ తలుపు నంబరు) దాకా రాగలిగిన ఎవడికైనా మీ యూజర్ పేరు మీద టెర్మినల్ అప్పగించినట్టే. ఇలాంటి పోర్టుల కోసం నెట్టంతా జల్లెడపట్టే స్క్రిప్టులు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. క్రిప్టో మైనింగ్ పెట్టుకుని పోతే అదృష్టమే. ఆ ఫోల్డర్‌లో రోగుల వీసీఎఫ్ ఫైళ్లు (డీఎన్‌ఏలోని తేడాలు, అంటే వేరియంట్ల జాబితాలు) ఉంటే? ‘పేర్లు తీసేసి నంబర్లు వేశాం’ అంటారు. ఆ వేరియంట్ల వరసే ఒక గుర్తింపు కార్డు, రోగికే కాదు, తోబుట్టువులకీ పిల్లలకీ కూడా. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టింది మాత్రం రోగి ఒక్కరే.

జూపిటర్‌ని 127.0.0.1 మీదే (అంటే ఆ సర్వర్‌కి మాత్రమే కనపడేలా), టోకెన్‌తో నడపండి. ఇంటి నుంచి కాలేజీ వీపీఎన్‌లోకి వెళ్లి, దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా చేర్చే ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కి ‘హైఫన్ క్యాపిటల్ ఎల్ 8888:లోకల్‌హోస్ట్:8888’ తగిలిస్తే మీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. పట్టేది ఒక్క లైను. దానికి బద్ధకించి తలుపులు బార్లా తెరవడమేమిటి? ఎవరైనా పంపిన ఆర్‌డీఎస్ ఫైల్‌ని (ఆర్ డేటా దాచుకునే ఫైల్) 4.4.0 కన్నా పాత ఆర్‌లో తెరవకండి, తెరిస్తే లోపల దాచిన కోడ్ నడిచే ప్రమాదముంది. పైథాన్ డేటా దాచుకునే పికిల్ ఫైళ్లయితే ఏ వెర్షన్‌లోనూ నమ్మదగ్గవి కావు.

స్ప్రెడ్‌షీట్ల గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. జీన్ల జాబితాని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే ‘మార్చ్1’ అనే జీన్ మార్చి 1 అయిపోతుంది, ‘మార్క్1’ కూడా అదే తేదీ అవుతుంది. సేవ్ చేశాక ఏది ఏదో చెప్పే దారి లేదు. దీనికి విసిగి, జీన్ల పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో ఇలాంటి పేర్లనే మార్చేసింది. ఎక్సెల్‌లో ఈ మార్పిడిని ఆపే మీట ఆ తర్వాతెప్పుడో ఇచ్చారు, అదీ మనం వెతికి నొక్కాలి! పాత ఫైళ్లలో పాత పేర్లే ఉన్నాయి. మీ గైడ్‌కి షీటే కావాలంటే పక్కన ఎన్సెంబుల్ ఐడీల (ఎన్సెంబుల్ డేటాబేస్ ఒక్కో జీన్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్ల) కాలమ్ ఒకటి చేర్చి పంపండి. ‘ఈఎన్‌ఎస్‌జీ’తో మొదలయ్యేదాన్ని ఏ షీటూ తేదీగా మార్చలేదు.